వంచితే తెరుచుకోని పెట్టె

పాతకాలపు ఇళ్ళలో భోషాణం అనే పెద్ద చెక్కపెట్టె ఉండేది. నగలు, దస్తావేజులు, ధాన్యం అమ్మగా వచ్చిన డబ్బు అందులో దాచేవారు. కొన్ని భోషాణాల్లో రహస్యపు అర కూడా ఉండేది. చూడ్డానికి మామూలు చెక్కలాగే ఉంటుంది. ఫలానా పలకను ఫలానా వైపుకు జరపాలని తెలిసినవాళ్ళకే ఆ అర దొరుకుతుంది. దానికి వేరే తాళం చెవి అంటూ లేదు. కిటుకు తెలియడమే తాళం చెవి!

ఇలాంటి పెట్టెలకు పేరు మోసిన ఊరు జపాన్‌లో ఉంది. టోక్యోకు నైరుతి దిక్కున ఉన్న హకొనె కొండల ప్రాంతం అది. పూర్వం క్యోటో నగరానికి పోయే తొకాయిదో రహదారి ఆ కొండల మీదుగానే సాగేది. అక్కడి వడ్రంగులు చేసే ‘హిమిత్సు-బాకో’ అంటే రహస్యపు పెట్టె. దాని గోడల్లో పలకలు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే జరుగుతాయి. ఒక పలక జరిగితేనే రెండోది జరుగుతుంది, అది జరిగితేనే మూడోది. నాలుగైదు కదలికలతో తెరుచుకునేవీ ఉన్నాయి, డెబ్బయికి పైగా కదలికలు కావలసినవీ ఉన్నాయి. రకరకాల కలప ముక్కల సహజమైన రంగులను కలిపి ఆ పెట్టెల మీద నగిషీ అతుకుతారు. ఈ నగిషీ పనిని 1984లో జపాన్ ప్రభుత్వం సంప్రదాయ హస్తకళగా గుర్తించింది.

అంత కష్టమైన పెట్టె మనం ఇప్పుడే చేయలేం. కాని రెండు మేకు ముక్కలతో, మీ భౌతికశాస్త్ర పాఠంలోని ఒక్క సూత్రంతో, చూసినవాళ్ళు ముక్కున వేలు వేసుకునే పెట్టె చేయవచ్చు. అక్క పుట్టినరోజుకో, బదిలీ అయి వెళుతున్న మాస్టారికో, ఊరు మారిపోతున్న స్నేహితుడికో స్వయంగా చేసి ఇవ్వవచ్చు.

ఒక్క సంగతి మాత్రం ముందే గుర్తు పెట్టుకోవాలి. బహుమతిగా ఇచ్చే పెట్టె తెరవడం కష్టంగా ఉండాలి కాని, అసాధ్యంగా ఉండకూడదు. లోపల మీరు రాసిన ఉత్తరం ఉంటుంది. వానాకాలంలో మూత బిగుసుకుపోతే, పుచ్చుకున్నవాళ్ళు దాన్ని సుత్తితో పగలగొట్టవలసి వస్తుంది. అందుకని కిటుకు గురించి ఎంత ఆలోచిస్తామో, కలప గురించీ అంత ఆలోచించాలి.

తాళం ఎలా పనిచేస్తుంది?

జామెట్రీ పెట్టెల్లో, చదరంగం పెట్టెల్లో జారుడు మూత చూసే ఉంటారు. గోడల్లో గాడి ఉంటుంది, మూత అందులో జారుతుంది. మూతకూ గోడకూ మధ్య అడ్డంగా ఒక చీల ఉంటే మూత జారదు. చీల సగం మూతలో, సగం గోడలో ఉండాలన్న మాట.

ఈ చీలను కదిలించడం ఎలా? పెట్టె లోపల ఉంది కనుక చేతికి అందదు. పెట్టెను ఒక పక్కకు వంచితే గురుత్వాకర్షణ వల్ల చీల జారి గోడలోని రంధ్రంలోకి పూర్తిగా వెళ్ళిపోతుంది. మూత తెరుచుకుంటుంది. కాని ఇది మరీ సులువు. చేతికివ్వగానే ఎవరైనా పెట్టెను అటూ ఇటూ వంచి చూస్తారు. అర నిమిషంలో రహస్యం కాస్తా బయటపడుతుంది.

ఇప్పుడు ఎడమ గోడకు ఒక చీల, కుడి గోడకు ఒక చీల పెట్టామనుకోండి. పెట్టెను ఎడమకు వంచండి. ఎడమ చీల జారి గోడలోకి పోతుంది. బాగానే ఉంది. మరి కుడి చీల? అదీ ఎడమకే జారుతుంది. దానికి ఎడమ అంటే మూత వైపు! అంటే అది ఇంకా గట్టిగా అడ్డుపడుతుంది. కుడికి వంచితే కుడి చీల తప్పుకుంటుంది, ఎడమ చీల అడ్డుపడుతుంది. ఎలా వంచినా రెంటిలో ఒకటి కాపలా ఉంటూనే ఉంటుంది. ఎందుకంటే గురుత్వాకర్షణకు ఒకే దిక్కు. రెండు చీలలనూ అది ఒకే వైపుకు లాగుతుంది. మనకు కావలసింది ఒకదాన్ని ఎడమకూ, ఒకదాన్ని కుడికీ ఒకేసారి పంపే ఉపాయం.

ఆ ఉపాయం బొంగరంలో ఉంది. పెట్టెను నేల మీద పెట్టి బొంగరంలా గిర్రున తిప్పండి. రెండు చీలలూ మధ్య నుంచి దూరంగా, అంటే చెరొక గోడలోకీ జారిపోతాయి. పెట్టె ఆగాక, వంచకుండా మూతను తోస్తే తెరుచుకుంటుంది.

చీలలను బయటికి తోసింది ఎవరు?

ఎవరూ తోయలేదు. కదిలే ప్రతి వస్తువూ తిన్నగా పోవాలనే చూస్తుంది. ఇదే జడత్వం. దాన్ని గుండ్రంగా తిప్పాలంటే కేంద్రం వైపుకు లాగే బలం ఒకటి కావాలి. అదే అభికేంద్ర బలం. మన చీలను కేంద్రం వైపుకు పట్టి ఉంచేది, దానికీ రంధ్రానికీ మధ్య ఉన్న ఘర్షణ ఒక్కటే. మెల్లగా తిప్పితే ఆ ఘర్షణ సరిపోతుంది, చీల కదలదు. వేగం పెంచితే ఘర్షణ చాలదు, చీల బయటికి జారిపోతుంది. పెట్టెతో పాటు తిరుగుతున్నట్టు ఊహించుకుంటే, ఏదో బలం చీలను బయటికి నెట్టినట్టు కనిపిస్తుంది. దానినే అపకేంద్ర బలం అంటాం.

ఎంత వేగంగా తిప్పాలి? లెక్క వేసి చూద్దాం. కావలసిన అభికేంద్ర త్వరణం తెలుసుకోవాలంటే, సెకనుకు తిరిగే చుట్ల సంఖ్యను వర్గం చేసి, దాన్ని వ్యాసార్ధంతోనూ 39.5 తోనూ గుణించాలి. 39.5 అంటే 4 × పై × పై. మన పెట్టెలో చీల కేంద్రం నుంచి సుమారు 5 సెం.మీ., అంటే 0.05 మీటరు దూరంలో ఉంటుంది.

సెకనుకు 1 చుట్టు: 39.5 × 1 × 0.05 = సుమారు 2 మీ./సె./సె.
సెకనుకు 2 చుట్లు: 39.5 × 4 × 0.05 = సుమారు 7.9 మీ./సె./సె.

ఇక ఘర్షణ సంగతి. ఒక చెక్క పలక మీద మేకు ముక్కను నిలువుగా, జారే దిక్కుకే పొడవుగా పెట్టి, పలకను ఒక చివర మెల్లగా ఎత్తండి. జారడం మొదలైన చోట ఆపండి. పలక ఎత్తును, దాని కింద నేల మీద ఉన్న పొడవుతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. నేల పొడవు 50 సెం.మీ., ఎత్తు 20 సెం.మీ. అయితే గుణకం 0.4. దీన్ని గురుత్వ త్వరణం 9.8 తో గుణిస్తే 3.9. అంటే 3.9 దాకా ఘర్షణ చీలను పట్టి ఉంచగలదు. సెకనుకు ఒక చుట్టు చాలదని, రెండు చుట్లు ధారాళంగా సరిపోతాయని తేలింది కదూ! సరిహద్దు ఎక్కడో మీరే లెక్క వేయండి. సుమారు 1.4 చుట్లు వస్తుంది.

ఇంకొక తమాషా ఉంది. కొందరు పెట్టెను చేత్తో పట్టుకుని, చెయ్యి చాపి తమ చుట్టూ తిప్పుతారు. అయినా తెరుచుకోదు. ఎందుకు? అప్పుడు కేంద్రం వాళ్ళ దగ్గర ఉంది. రెండు చీలలూ ఆ కేంద్రానికి ఒకే వైపున ఉన్నాయి, కనుక రెండూ ఒకే దిక్కుకు పోతాయి. పెట్టె తన చుట్టూ తాను తిరగాలి. భూమి సూర్యుని చుట్టూ తిరగడం పరిభ్రమణం, తన చుట్టూ తాను తిరగడం భ్రమణం అని చదివారు. మన పెట్టెకు పరిభ్రమణం పనికిరాదు, భ్రమణమే కావాలి!

ఏ కలప మంచిది?

కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి తేలికగా, మెత్తగా ఉంటుంది. బొమ్మ చెక్కడానికి అది హాయి. కాని మన చీలలు పదే పదే జారే రంధ్రాలు మెత్తని చెక్కలో త్వరగా అరిగిపోతాయి. ఈ పనికి బాగా ఆరిన టేకు చేవ మేలు. వడ్రంగి మేస్త్రి దగ్గర తలుపులూ కిటికీలూ చేయగా మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకోండి.

చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు తేమ వదిలి కుంచించుకుపోతుంది. అయితే అన్ని వైపులకూ ఒకే విధంగా కాదు. చెట్టు నిలువునా పోయే నార వెంబడి పొడవులో మార్పు దాదాపు ఉండదు. నారకు అడ్డంగా మార్పు ఎక్కువ. టేకులో తేమ నూటికి ఒక పాలు పెరిగితే, అడ్డంగా సుమారు 0.2 శాతం ఉబ్బుతుంది. వేసవికీ వానాకాలానికీ చెక్కలోని తేమ ఆరు పాళ్ళు పెరిగిందనుకోండి. 99 మి.మీ. వెడల్పు మూత సుమారు 1.2 మి.మీ. ఉబ్బుతుంది. వానాకాలంలో తలుపులు పట్టేయడానికి కారణం ఇదే.

మన పెట్టెలో మూత వెడల్పు నారకు అడ్డంగా ఉంటుంది, కనుక ఉబ్బుతుంది. గోడల మధ్య దూరాన్ని నిర్ణయించే వెనక, ముందు పలకలకు నార వెడల్పు వెంబడి ఉంటుంది, కనుక ఆ దూరం మారదు. మూత పెరుగుతుంది, చోటు పెరగదు! అందుకే వేసవిలో చేస్తే మూతకు మొత్తం ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ వదలండి. వానల్లో చేస్తే అర మిల్లీమీటరు చాలు. కింద ఇచ్చిన 99 మి.మీ. కొలత మధ్యస్థమైనది. దాన్ని కాలాన్ని బట్టి సరిదిద్దుకోండి. అడుగుకు మాత్రం ప్లైవుడ్ వాడదాం. అందులో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కనుక ఒక పొరను ఇంకొక పొర ఉబ్బనివ్వదు.

కావలసినవి

కొలతలన్నీ మిల్లీమీటర్లలో: పొడవు × ఎత్తు లేక వెడల్పు × మందం.

1. పక్క గోడలకు అడుగు పట్టీలు 2: 160 × 41 × 20
2. నడిమి పట్టీలు 2: 160 × 11 × 16
3. పై పట్టీలు 2: 160 × 8 × 20
4. వెనక పలక 1: 92 × 60 × 12
5. ముందు పలక 1: 92 × 41 × 12
6. మూత 1: 148 × 99 × 10 (నార 148 వెంబడి)
7. ప్లైవుడ్ అడుగు 1: 160 × 132 × 6
8. చీలలు 2: 4 మి.మీ. లావు మేకు నుంచి కోసిన 10 మి.మీ. ముక్కలు
9. గుండ్రని తల గల పొట్టి మేకు 1

రంపం, చేతి బరమా, 5 మి.మీ. బరమా పుల్ల, మూలమట్టం, ఉప్పుకాగితం, చెక్క జిగురు, సన్నని మేకులు, పెన్సిలు కూడా దగ్గర పెట్టుకోండి. రంపం, బరమా పని పెద్దవాళ్ళ సమక్షంలోనే చేయండి. రంధ్రం వేసే చెక్కను చేత్తో పట్టుకోకండి. బల్లకు బిగించి వేయండి.

చేసే పద్ధతి

1. ముందు నోటు పుస్తకంలో గోడను నిలువునా కోసినట్టు బొమ్మ గీసుకోండి. అడుగు పట్టీ మీద నడిమి పట్టీ, దాని మీద పై పట్టీ. మూడింటి బయటి ముఖాలూ ఒకే మట్టంలో ఉండాలి. నడిమి పట్టీ 4 మి.మీ. సన్నం కనుక లోపలివైపు దానంతటదే గాడి ఏర్పడుతుంది. గాడి కోసే చిత్రిక అవసరం లేదు.

2. ప్రతి నడిమి పట్టీకీ పొడవులో సరిగ్గా మధ్యన, కింది అంచు నుంచి ఐదున్నర మి.మీ. ఎత్తున గుర్తు పెట్టండి. లోపలివైపు నుంచి 11 మి.మీ. లోతు రంధ్రం వేయండి. అవతలికి పోకూడదు! బరమా పుల్ల మీద 11 మి.మీ. దగ్గర రంగు దారం చుడితే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

3. నడిమి పట్టీలను అడుగు పట్టీల మీద అతికించండి. తరువాత రెండు గోడల మధ్య వెనక, ముందు పలకలను జిగురుతోనూ సన్నని మేకులతోనూ బిగించండి. మూలలు మూలమట్టంతో సరిచూడండి. పై పట్టీలు ఇప్పుడే అతికించకండి.

4. మూతను దాని చోట పెట్టి వెనక పలకకు ఆనే దాకా తోయండి. పైన తెరిచే ఉంది కనుక, నడిమి పట్టీల రంధ్రాల మధ్యగీతను మూలమట్టంతో మూత మీదికి పొడిగించవచ్చు. ఆ గీత దగ్గర, మూత రెండు అంచుల్లోనూ, అడుగు నుంచి ఐదున్నర మి.మీ. ఎత్తున 6 మి.మీ. లోతు రంధ్రాలు వేయండి.

ఈ లోతుల్లోనే కిటుకంతా ఉంది. చీల పొడవు 10. గోడ రంధ్రం 11 కనుక చీల అందులో పూర్తిగా ఇముడుతుంది. మూత రంధ్రం 6 మాత్రమే కనుక అందులో పూర్తిగా ఇమడదు, సుమారు 4 మి.మీ. గోడలోకి పొడుచుకుని ఉంటుంది. మూత రంధ్రం కూడా 10 మి.మీ. వేశారా, చీల మూతలో దాక్కుంటుంది, ఇక తాళమే లేదు!

5. రంధ్రాల నోళ్ళు కొద్దిగా విప్పారేలా ఉప్పుకాగితంతో రుద్దండి. లోపల నలుసులు లేకుండా ఊదండి. పెన్సిలు ములికి పొడి కొంచెం వేయండి. అది గ్రాఫైటు, ఘర్షణను తగ్గిస్తుంది. నూనె మాత్రం వేయకండి, దుమ్ము పట్టి జిడ్డు కడుతుంది. చీలల చివరలు నున్నగా గుండ్రం చేయండి.

6. చీలలను గోడ రంధ్రాల్లో పెట్టి మూతను తోయండి. పై పట్టీలను రబ్బరు బ్యాండ్లతో తాత్కాలికంగా బిగించి పరీక్షించండి. ఒక పక్కకు వంచితే తాళం పడాలి. రెండో పక్కకు వంచినా పడే ఉండాలి.

7. ప్లైవుడ్ అడుగు బిగించండి. దానికి మూల నుంచి మూలకు రెండు గీతలు గీస్తే మధ్య బిందువు తెలుస్తుంది. అక్కడ గుండ్రని తల మేకు దిగ్గొట్టండి. ఇదే మన బొంగరం ములికి. లోపల మొన పైకి వస్తే దాని మీద చిన్న చెక్కముక్క అతికించండి. ఇప్పుడు నున్నని గచ్చు మీద పెట్టి రెండు చేతులతో గిర్రున తిప్పి చూడండి.

8. పది సార్లకు పది సార్లూ తెరుచుకున్నాకే పై పట్టీలను జిగురుతో అతికించండి. మూత ముందు అంచు దగ్గర బొటనవేలు ఆనేందుకు చిన్న గుంట చేయండి.

పనిచేయకపోతే?

వంచితేనే తెరుచుకుంటోందా? మూత రంధ్రం లోతు ఎక్కువై ఉంటుంది. అడుగున చిన్న చెక్క బిరడా దూర్చి తగ్గించండి. తిప్పినా తెరుచుకోవడం లేదా? గోడ రంధ్రం లోతు చాలలేదు, లేదా రెండు రంధ్రాల మట్టం కలవలేదు. వంచినప్పుడు ‘టక్కు’మని చీల జారే చప్పుడు వినపడుతోందో లేదో చూడండి. వినపడని వైపునే లోపం ఉంది. పెట్టెను జల్లెడ పట్టినట్టు ఎడాపెడా ఊపితే ఎప్పుడో ఒకసారి రెండు చీలలూ తప్పుకుని తెరుచుకోవచ్చు. అది అదృష్టం, దాన్ని మనం ఆపలేం.

ఇక మూత ఉబ్బడాన్ని కూడా పరీక్షించాలి. మూత నుంచి మిగిలిన ముక్క వెడల్పు, పొడవు కొలవండి. తడిగుడ్డ ఉన్న డబ్బాలో, గుడ్డకు తగలకుండా పెట్టి మూత వేయండి. మూడు రోజుల తరువాత మళ్ళీ కొలవండి. ఏ కొలత మారిందో, ఏది మారలేదో రాసుకోండి. ఈ చిన్న పని మీ బహుమతిని సుత్తి దెబ్బ నుంచి కాపాడుతుంది.

చీలలకు ఇత్తడి మంచిదా, ఇనుము మంచిదా? ఇత్తడి తుప్పు పట్టదు. ఇనుముకు తుప్పు భయం ఉంది, కాని అయస్కాంతానికి లొంగుతుంది. ఎప్పుడైనా చీల మొరాయిస్తే, పాత లౌడ్‌స్పీకరు నుంచి తీసిన బలమైన అయస్కాంతాలు రెండు, చెరొక గోడకూ బయట ఆనిస్తే చీలలు బయటికి వస్తాయి. అంటే ఇనుప చీలలు పెడితే ఆపదలో పనికొచ్చే రెండో తాళం చెవి ఉన్నట్టే. అందుకని బహుమతికి ఇనుమే పెట్టండి. తుప్పు పట్టకుండా చీలలకు కొవ్వొత్తి మైనం పలుచగా రుద్దండి. ఈ రెండో మార్గం ఇంట్లో ఒక పెద్దవాళ్ళకు మాత్రం చెప్పి ఉంచండి.

ఇచ్చేటప్పుడు

కిటుకు చెప్పకండి. పెట్టెతో పాటు ఒక చీటీ ఇవ్వండి:

వంచితే వినను, ఊపితే ఉలకను.
నీ చుట్టూ తిప్పినా నోరు విప్పను.
నా చుట్టూ నేనే తిరిగితే చాలు,
దాచినదంతా నీ చేతిలో పెడతాను.

పుచ్చుకున్నవాళ్ళు అడుగున ఉన్న గుండ్రని మేకును చూస్తారు. చీటీ చదువుతారు. వంచుతారు, చప్పుడు వింటారు, ఆలోచిస్తారు. తొందరపడి చెప్పేయకండి. తమంతట తాము తెరిచిన పెట్టెలో దొరికే ఉత్తరానికి విలువ ఎక్కువ.

మీ కోసం రెండు ప్రశ్నలు. పెట్టె వెడల్పు పెంచి, చీలలను కేంద్రం నుంచి 10 సెం.మీ. దూరంలో పెడితే, సెకనుకు కనీసం ఎన్ని చుట్లు తిప్పాలి? ఇదే పెట్టెను చంద్రుడి మీదికి తీసుకుపోతే వేగంగా తిప్పాలా, మెల్లగా తిప్పినా చాలునా? మొదటిదానికి జవాబు సుమారు ఒక చుట్టు. రెండోదానికి చిన్న సూచన: అక్కడ గురుత్వ త్వరణం మన భూమి మీద ఉన్నదానిలో సుమారు ఆరో వంతు, మరి ఘర్షణ ఎంత ఉంటుంది? మిగతా లెక్క మీరు చేయండి.